అబ్బాయి ఆట ఖాతా పోయింది, ఆయనకు చెప్పాలా వద్దా?

ప్రశ్న: మాది కడప. మా వారు కువైట్‌లో డ్రైవరుగా పని చేస్తున్నారు. మా అబ్బాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. రెండేళ్లుగా ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడుతున్నాడు. వాడి ఫోనులో ఉన్నది మా వారి పాత నంబరు సిమ్. శనివారం రాత్రి వాడి స్నేహితుడి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నుంచి, "పోటీకి మన జట్టు పేర్లు నమోదు చేస్తున్నాను, నీకు ఒక కోడ్ వస్తుంది, పంపించు" అని సందేశం వచ్చింది. వీడు పంపించాడు. పది నిమిషాల్లో గూగుల్ ఖాతా, దానితో పాటు ఆట ఖాతా చేజారాయి. మరునాడు ఉదయం ఆట కంపెనీ సహాయ కేంద్రం అంటూ ఒకరు వాట్సాప్‌లో పలకరించి, ఖాతా తిరిగి ఇప్పిస్తామని నా ఫోన్‌పే నుంచి మొదట 1,999 రూపాయలు, తర్వాత 4,500 రూపాయలు వేయించుకున్నారు. ఆ తర్వాత జవాబు లేదు. ఇంతలో మా అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఎవరో వాడి తరగతి పిల్లవాడిని అడిగి 3,000 రూపాయలు తీసుకున్నారు. ఆ పిల్లవాడి తల్లి మా గడప ముందు నిలబడి, వీధంతా వినేలా "నీ కొడుకే దొంగ" అన్నది. ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం ఉందంటున్నారు. పోలీసుల దగ్గరికి వెళితే వాడి మీదే కేసు పెడతారేమోనని భయం. ఫోను లాక్కుని బీరువాలో పెట్టాను. వాడు సరిగ్గా అన్నం తినడం లేదు. మా వారికి ఇంకా చెప్పలేదు. ఏమి చేయాలి?

– ఒక తల్లి, కడప

సమాధానం:

అమ్మా, ముందు ఆ ఫోనును బీరువాలోంచి బయటికి తీయండి. కోపంలో దాచారని అర్థమైంది. కానీ ఖాతా తిరిగి రావడానికి మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. ఎలాగో కాసేపట్లో చెబుతాను. మీ ఉత్తరం అందిన రాత్రే, వెంటనే చేయవలసిన రెండు పనులు మీకు విడిగా రాసి పంపించాను. ఇలాంటి ఉత్తరాలు అనంతపురం నుంచి, కర్నూలు నుంచి కూడా వస్తున్నాయి. అందుకే ఆ రెండింటినీ మిగతా విషయాలతో కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి పని డబ్బుది. 1930కి ఫోను చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ అదే నంబరు. మాట్లాడే ముందు ఒక కాగితం మీద రెండు చెల్లింపుల తేదీ, సమయం, మొత్తం, అవతలి వారి యూపీఐ ఐడీ, వాట్సాప్ నంబరు రాసి పెట్టుకోండి. ప్రతి యూపీఐ చెల్లింపుకూ యూటీఆర్ అనే పన్నెండంకెల సంఖ్య ఉంటుంది. ఫోన్‌పేలో పాత చెల్లింపుల జాబితా తెరిచి, ఆ చెల్లింపు మీద నొక్కితే కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఈ సంఖ్యే. దాన్ని పట్టుకునే, డబ్బు ఏ బ్యాంకు ఖాతాలోకి వెళ్లిందో, అక్కడి నుంచి ఏ ఖాతాకు మళ్లిందో బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి వెతుక్కుంటూ పోతాయి. ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ నిలిపివేస్తాయి. దొంగ ఆ డబ్బును గంటల్లోనే నాలుగు చేతులు మార్చేస్తాడు. అందుకే మొదటి గంటలో చేసిన ఫోనుకు ఉన్న బలం మూడో రోజు ఫోనుకు ఉండదు. మీకు లేని ఆశ పెట్టలేను: మొత్తం 6,499 రూపాయలూ తిరిగి వస్తాయని నేను చెప్పలేను. నిలిపివేసిన డబ్బు కూడా వెంటనే మీ చేతికి రాకపోవచ్చు. మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి పోయిన డబ్బుకు రిజర్వ్ బ్యాంకు 2017లో కొంత రక్షణ ఇచ్చింది. కానీ మీరే పిన్ నొక్కి పంపించిన డబ్బు దాని కిందికి రావడం కష్టం. అయినా ఫిర్యాదు చేయాలి. ఆ రసీదు ఎందుకు కావాలో మీ వీధిలో జరిగిన గొడవ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఫోనులో చెప్పాక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో అవే వివరాలు నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్య దాచుకోండి. ఆ వాట్సాప్ సంభాషణ చూస్తేనే ఒళ్లు మండుతుంది, తుడిచేయాలనిపిస్తుంది. తుడిచేయవద్దు. మొదటి అక్షరం నుంచి చివరి వరకు తెర చిత్రాలు తీసి ఉంచండి.

రెండో పని గూగుల్ ఖాతాది. దీనికి గడువు ఉంది. దొంగ ఖాతాలోకి దూరగానే చేసే మొదటి పని, రికవరీ ఫోను నంబరు (ఖాతా పోయినప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి కోడ్ వచ్చే నంబరు) తీసేసి తన నంబరు పెట్టుకోవడం. అలా మార్చిన తర్వాత కూడా ఏడు రోజుల వరకు పాత నంబరుకు కోడ్ తెప్పించుకునే వీలు గూగుల్ సాధారణంగా ఉంచుతుంది. మీకు శనివారం రాత్రి జరిగింది. అంటే వచ్చే శనివారం లోపలే ప్రయత్నించాలి. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అదే ఫోనులో, మీ ఇంటి వైఫై ఉంటే దాని మీదే, గూగుల్ ఖాతా పునరుద్ధరణ పేజీ తెరవండి. ఎప్పుడూ వాడే ఫోను నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచి ప్రయత్నించమని గూగుల్ స్వయంగా సలహా ఇస్తుంది. అసలు యజమాని ఎవరో తేల్చుకోవడానికి ఆ యంత్రానికి దొరికే గుర్తులు అవే. బీరువాలోంచి ఫోను తీయమన్నది ఇందుకే. పాత పాస్‌వర్డ్ అడిగితే గుర్తున్నంత వరకు కొట్టండి. ఒకసారి కుదరకపోతే వదలవద్దు, మరుసటి రోజు మళ్లీ చూడండి. స్నేహితుల ఇంటికో ఇంటర్నెట్ కేంద్రానికో పరిగెత్తి అక్కడి కంప్యూటర్ల మీద ప్రయత్నిస్తే పని కష్టమవుతుంది.

ఖాతా చేతికి వచ్చిన క్షణంలో అందరూ ఊపిరి పీల్చుకుని ఆటలోకి వెళ్లిపోతారు. అక్కడే మళ్లీ దెబ్బ తింటారు. దొంగ బయటికి వెళ్లేటప్పుడు దొడ్డి తలుపు గడియ తీసి పెట్టి ఉంటాడు. కొత్త పాస్‌వర్డ్ పెట్టిన వెంటనే, ఖాతా ఏయే ఫోనుల్లో తెరిచి ఉందో చూసి, మీవి కానివన్నీ తీసేయండి. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఇంకొక చిరునామాకు పంపే ఏర్పాటు ఏదైనా చేసి ఉంటే తొలగించండి. ఇది చాలామంది చూడరు. అది అలాగే ఉంటే మీరు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఆ సమాచారం అతనికి చేరుతూనే ఉంటుంది. తర్వాత పాస్‌వర్డ్‌తో పాటు ఇంకొక గుర్తింపు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. అక్కడ గూగుల్, ఫోను చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి, పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి, రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే చోట పెట్టండి. ఫోటో తీసి ఫోనులోనే ఉంచితే ఫోను పోయిన రోజున అవీ పోతాయి.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి దీని తర్వాతే. జీమెయిల్ చేతిలో ఉంది కాబట్టే దొంగ ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ కూడా మార్చగలిగాడు. మెయిల్ తిరిగి వస్తే, చిరునామా మారిందని ఇన్‌స్టాగ్రామ్ పంపిన ఉత్తరం అందులో ఉంటుంది, దాని నుంచే ఆ మార్పును వెనక్కి తిప్పుకోవచ్చు. దొంగ దాన్ని తుడిచేసి ఉంటే ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అనే పేజీకి వెళ్లండి. ఖాతాలో మీ అబ్బాయి ఫోటోలు ఉంటే, ముఖం అటూ ఇటూ తిప్పుతూ చిన్న వీడియో తీయమని అడగవచ్చు.

ఇక ఆట ఖాతా. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లోకి గూగుల్ ద్వారానో ఫేస్‌బుక్ ద్వారానో ప్రవేశిస్తారు. మీ అబ్బాయి గూగుల్‌తో ప్రవేశించేవాడు కాబట్టి, గూగుల్ వస్తే చాలావరకు ఆట కూడా వస్తుంది. రాకపోతే ఆట అధికారిక సహాయ విభాగానికి రాయాలి. ఆటలో ప్రతి ఖాతాకూ ఉండే యూఐడీ అనే అంకెల సంఖ్య, ఆడడం మొదలుపెట్టిన కాలం, వాడిన ఫోను మోడల్, ఇంతకు ముందు పెట్టుకున్న పేర్లు, డైమండ్లు (ఆటలో వాడే నాణేల లాంటివి) కొన్న రసీదులు ఇస్తే యజమాని ఎవరో రుజువవుతుంది. ప్లే స్టోర్ కొనుగోలుకు జీపీఏ అనే అక్షరాలతో మొదలయ్యే ఆర్డరు సంఖ్య ఉంటుంది. మెయిల్ ఇంకా దొంగ చేతిలోనే ఉంటే, డబ్బు చెల్లించిన రోజు మీ బ్యాంకు పాస్‌బుక్కులోనైనా దొరుకుతుంది.

ఇప్పుడు అసలు ఆ రాత్రి ఏమి జరిగిందో చూద్దాం. ఎందుకంటే మీ అబ్బాయి ఇంకా తనను తాను తిట్టుకుంటూనే ఉంటాడు. దొంగకు వాడి మెయిల్ చిరునామా తెలుసు. గూగుల్‌లో ఆ చిరునామా కొట్టి, పాస్‌వర్డ్ మరిచిపోయానని నొక్కాడు. గూగుల్ తన పద్ధతి ప్రకారం మీ సిమ్‌కు కోడ్ పంపింది. జీ అక్షరం, పక్కన ఆరంకెలు. ఆ కోడ్‌కు ఏ పోటీతోనూ, ఏ జట్టుతోనూ సంబంధం లేదు. మీ ఇంటి తాళం చెవిని మీ అబ్బాయే కిటికీలోంచి అందించాడు, అందుకున్న చేయి స్నేహితుడిదే అనుకుని. ఆ స్నేహితుడిని కూడా తిట్టవద్దు. అతని ఖాతా అంతకు ముందే ఇదే రకంగా పోయి ఉంటుంది. అతని పేరుతో మీ వాడిని పట్టుకున్నారు, మీ వాడి పేరుతో ఇంకొక పిల్లవాడిని పట్టుకున్నారు. ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకాన్నే మెట్లుగా చేసుకుని దొంగ ఎక్కుతూ పోయాడు.

వేషం రెండు రకాలని పిల్లలకు విడమరిచి చెప్పండి. ఒకటి పోలిక వేషం. స్నేహితుడి పేరు, బొమ్మ అలాగే పెట్టుకుని కొత్త ఖాతా తెరుస్తారు. పేరులో ఒక అక్షరం బదులు దానిలాగే కనిపించే ఇంకొక అక్షరం ఉంటుంది. దీన్ని పట్టుకోవచ్చు: యూఐడీ పోల్చి చూస్తే చాలు, అది ఇద్దరికి ఒకటే ఉండదు. పాత సంభాషణ ఉందా, ఆటలో స్థాయి ఎంత అన్నవి కూడా చెబుతాయి. రెండోది మీకు ఎదురైనది. ఖాతా నిజమైనదే, లోపల ఉన్న మనిషి వేరు. పాత సంభాషణ అంతా అక్కడే ఉంటుంది, అక్షరం కూడా తేడా ఉండదు. ఎంత పరీక్షగా చూసినా దొరకదు. దీనికి మందు ఒక్కటే. సందేశం వచ్చిన దారిలో కాకుండా ఇంకొక దారిలో ఆ స్నేహితుడిని కలవాలి. ఫోను చేయాలి, లేదా పక్క వీధే అయితే నడిచి వెళ్లాలి. ఈ రోజుల్లో గొంతును కూడా అనుకరిస్తున్నారు కాబట్టి, మొన్న ఇద్దరం కలిసి ఎక్కడ ఏమి తిన్నామో అడగమనండి.

మా మేనల్లుడు కర్నూలులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఇంకొక రూపంలో చూశాను. ఒక కంప్యూటర్ ఆటల వేదికలో వాడి స్నేహితుడి పేరుతో సందేశం: "పొరపాటున నీ ఖాతా మీద మోసం ఫిర్యాదు పెట్టాను, రాత్రిలోగా మూసేస్తారు, ఈ అధికారితో డిస్కార్డ్‌లో మాట్లాడి ఆపించుకో." డిస్కార్డ్ అంటే ఆటలు ఆడేవారు ఎక్కువగా మాట్లాడుకునే యాప్. ఆ అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు, గుర్తింపు కార్డు బొమ్మ పంపాడు. పరిశీలన కోసమని ఖాతాకు ఉన్న మెయిల్ చిరునామాను తను చెప్పిన చిరునామాకు మార్చమన్నాడు. వాడు మార్చేశాడు. తెల్లవారేసరికి వాడు మూడేళ్లుగా కూడబెట్టుకున్న ఆట వస్తువులు లేవు. మాకు చెప్పడానికి వాడికి పదిహేను రోజులు పట్టింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది వస్తువులు పోవడం కంటే ఆ పదిహేను రోజులే. ఈ ఎత్తు చాలా చోట్ల నడుస్తోంది. స్టీమ్ లాంటి పెద్ద వేదికలు తమ సిబ్బంది డిస్కార్డ్‌లో ఎవరినీ పలకరించరని స్పష్టంగా చెబుతున్నాయి. డిస్కార్డ్‌లోనే బహుమతి ఉందంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవారు కూడా ఉన్నారు. ఆ స్కాన్‌తో పాస్‌వర్డ్ అడగకుండానే ఖాతా అవతలివాడి కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది.

మీ దగ్గర డబ్బు తీసుకున్న సహాయ కేంద్రం కూడా ఈ జాతిదే. ఖాతా పోయిన సంగతి అతనికి ఎలా తెలిసిందని ఆలోచించారా? దొంగ తనే అయి ఉండవచ్చు, లేదా సహాయం కావాలని మీ అబ్బాయి ఎక్కడైనా బహిరంగంగా రాస్తే అక్కడ చూసి ఉండవచ్చు. ఏ ఆట కంపెనీ కూడా ఖాతా తిరిగి ఇవ్వడానికి వాట్సాప్‌లో డబ్బు అడగదు. డైమండ్లు బహుమతిగా వేస్తామన్నా అంతే, వేయడానికి యూఐడీ చాలు, కోడ్ అక్కరలేదు. ఇకముందు కూడా జాగ్రత్త: "మీ 6,499 రూపాయలు తిరిగి ఇప్పిస్తాం, కొంత రుసుము కట్టండి" అని మూడోవాడు రావచ్చు. పోలీసునని, న్యాయవాదినని చెప్పుకోవచ్చు. ఒకసారి పోగొట్టుకున్నవారి నంబర్ల కోసమే వీళ్లు కాచుకుని ఉంటారు.

కేసు భయం గురించి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్రీ ఫైర్‌ను నిషేధించింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆ తర్వాత కూడా ప్లే స్టోర్‌లో కొనసాగింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పణంగా పెట్టి, డబ్బు గెలుచుకునే ఆశతో ఆడేవాటిని. మన రాష్ట్రంలో 2020లో జూద చట్టానికి చేసిన సవరణ కూడా ఆన్‌లైన్ పందేల మీదే. సరదాకు ఆడుకున్న పిల్లవాడు వీటిలో దేని కిందికీ రాడు. ప్రవేశ రుసుము కట్టించుకుని గెలిస్తే నగదు ఇస్తామనే ప్రైవేటు పోటీలు వేరు సంగతి, వాటి జోలికి వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. చట్టం దృష్టిలో మీ అబ్బాయి ఫిర్యాదుదారు. ఐటీ చట్టం 66సీ సెక్షన్ ఇంకొకరి పాస్‌వర్డ్, గుర్తింపు దొంగిలించడం గురించి, 66డీ కంప్యూటర్ ద్వారా ఇంకొకరి వేషంలో మోసగించడం గురించి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఈ నేరాలు జరిగింది మీ అబ్బాయి మీద. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వాడిని వెంటబెట్టుకుని, ఆధారాలన్నీ తీసుకుని వెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే మీ అన్నదమ్ములలో ఒకరినో, కాలేజీ లెక్చరరునో తోడు తీసుకోండి.

ఇప్పుడు మీ గడప ముందు నిలబడి అరిచిన ఆ తల్లి. ఆమె మాట మిమ్మల్ని కోసిందని తెలుసు. కానీ ఆమె చూసింది మీ అబ్బాయి ఖాతా, మీ అబ్బాయి బొమ్మ, మీ అబ్బాయి పేరు. అందులో వేరే మనిషి ఉన్నాడని ఆమెకు ఎవరు చెప్పారు? మీరు తలుపు వేసుకున్నారు, వాడు గదిలో కూర్చున్నాడు. ఆ మౌనం ఆమెకు ఒప్పుకోలులా కనిపించింది. అందుకే ఫిర్యాదు రసీదు కావాలన్నాను. అబ్బాయిని తీసుకుని ఆమె ఇంటికి వెళ్లండి. రసీదు చూపించి, జరిగినది తేదీలతో సహా చెప్పండి. ఆమె డబ్బు ఆమె ఖాతా నుంచి పోయింది కాబట్టి ఆమె కూడా తన యూటీఆర్ సంఖ్యతో 1930కి విడిగా ఫిర్యాదు చేయాలి. వీలైతే మీరే పక్కన ఉండి చేయించండి, ఒకరి ఫిర్యాదులో ఇంకొకరి ఫిర్యాదు సంఖ్య రాయించండి. మూడు వేలు మీరు ఇచ్చేయాలా అని అడగలేదు కానీ ఆ ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. నా అభిప్రాయం, ఇవ్వవద్దు. ఇప్పుడు ఇస్తే మీ అబ్బాయే తీసుకున్నాడని వీధి నమ్ముతుంది.

ఇదే రోజు మీ అబ్బాయి తరగతి పిల్లలందరికీ, ఆటలోని జట్టు వారికి, బంధువులకు మీ ఫోను నుంచి ఒక సందేశం వెళ్లాలి: ఖాతా దొంగిలించారు, ఆ పేరుతో డబ్బు గానీ కోడ్ గానీ ఎవరు అడిగినా ఇవ్వవద్దు, ఆ ఖాతా మీద ఇన్‌స్టాగ్రామ్‌కు ఫిర్యాదు చేయండి. పరువు పోతుందని ఈ సందేశం ఆపుకున్న ప్రతి గంటా దొంగకు లాభం. వాడి పేరును తన పనికి వాడుకునే అవకాశం అతనికి మీ మౌనమే ఇస్తుంది.

అబ్బాయికి ఫోను తిరిగి ఇవ్వాలా? ఇవ్వండి. తీసుకుంటే వాడు నేర్చుకునేది ఒకటే, ఈసారి ఏదైనా జరిగితే అమ్మకు చెప్పకూడదని. వాడు మీకు చెప్పాడు కదా, మా మేనల్లుడిలా పదిహేను రోజులు దాచలేదు కదా. అది చిన్న విషయం కాదు. ఆటకు వేళ పెట్టండి, పరీక్షల ముందు ఆపించండి, అవన్నీ తల్లిగా మీ ఇష్టం. కానీ దీనికి శిక్షగా మాత్రం వద్దు. ఈ రాత్రి పక్కన కూర్చుని అన్నం పెట్టి, వాట్సాప్‌లో ఆ 6,499 రూపాయలు పంపించింది మీరేనని, మీరూ మోసపోయారని వాడితో చెప్పండి.

మీ వారికి చెప్పాలి, ఆలస్యం వద్దు. నిజాయితీ కోసం మాత్రమే అనడం లేదు. ఆ గూగుల్ ఖాతాలో ఫోను నంబర్లన్నీ దాచి ఉంటే మీ వారి కువైట్ నంబరు కూడా ఇప్పుడు దొంగ దగ్గర ఉంది. "నాన్నా, ప్రమాదం జరిగింది, అర్జెంటుగా డబ్బు పంపు" అని మీ అబ్బాయి పేరుతో ఆయనకు సందేశం వెళ్లవచ్చు. అంత దూరంలో ఉన్న తండ్రి ఆ మాట చదివి ఎంత కంగారు పడతాడో మీకు తెలుసు. విషయం ముందే తెలిసి ఉంటే ఆయన మీకు ఫోను చేసి కనుక్కుంటారు. తెలియకపోతే జీతమంతా పంపించేస్తారు.

కువైట్‌లో శుక్రవారం సెలవు, కానీ శుక్రవారం దాకా ఆగవద్దు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన రాత్రి పదిన్నరకు అక్కడ ఎనిమిది, ఆయన బండి దిగి గదికి చేరి ఉంటారు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, కోడ్ సంగతి వాడినే చెప్పనివ్వండి, డబ్బు సంగతి మీరు చెప్పండి. అబ్బాయి ఫోనులో ఉన్న ఆ పాత సిమ్ నంబరు ఏయే బ్యాంకు ఖాతాలకు ముడిపడి ఉందో కూడా అప్పుడే అడిగి రాసుకోండి.